నియాన్ టెట్రాలు మూల నక్కుతుంటే...

ప్రశ్న: రెండడుగుల అక్వేరియం పెట్టి మూడు వారాలైంది. నాలుగు నియాన్ టెట్రాలు, ఒక చిన్న ఏంజెల్ చేప వేశాం. టెట్రాలు గుంపుగా తిరగకుండా ఫిల్టర్ వెనక నక్కుతున్నాయి. పొద్దున లైటు వేసేసరికి రంగు వెలిసిపోయి కనిపిస్తున్నాయి. ఒకటి చనిపోయింది. నాలుగు రోజులకోసారి నీళ్లన్నీ మార్చి, ఫిల్టర్ స్పాంజిని కుళాయి కింద కడుగుతున్నాం. ఏ మందు వేయాలి?

జవాబు: మందేమీ వేయకండి. మీరు చెప్పినదాన్ని బట్టి ఇది జబ్బులా లేదు.

ముందు రంగు సంగతి. చీకట్లో నియాన్ల నీలి చార మసకబారడం మామూలే, లైటు వేశాక కాసేపటికి మళ్లీ మెరుస్తుంది. దానికి టెన్షన్ వద్దు. పగలంతా పాలిపోయి, వెన్ను వంకరపోతే మాత్రం ఆ చేపను వెంటనే వేరుచేయండి. అది నియాన్ టెట్రా వ్యాధి కావచ్చు. దానికి నమ్మదగ్గ మందు లేదు.

అసలు తప్పు శుభ్రత ఎక్కువ కావడం. చేపల విసర్జన, మిగిలిన మేత వల్ల నీళ్లలో అమ్మోనియా చేరుతుంది. స్పాంజికి పట్టుకుని ఉండే బ్యాక్టీరియా దాన్ని నైట్రైట్‌గా, ఆపై అంతగా హాని చేయని నైట్రేట్‌గా మారుస్తుంది. ఈ బ్యాక్టీరియా కుదురుకోవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. మీరేమో క్లోరిన్ ఉన్న కుళాయి నీళ్లతో కడిగి ప్రతిసారీ మొదటికి తెస్తున్నారు. ఇక నుంచి వారానికి పావు వంతు నీళ్లే మార్చండి. తీసిన ఆ నీళ్లలోనే స్పాంజిని రెండుసార్లు పిండండి, గోధుమరంగు జిగురు కొంత మిగిలినా ఫరవాలేదు. కొత్త నీళ్లలో డీక్లోరినేటర్ (క్లోరిన్‌ను పోగొట్టే ద్రావణం) కలిపాకే పోయాలి. ఫిల్టర్‌ను రాత్రిళ్లు కూడా ఆపకండి.

ఇక సంఖ్య. నియాన్లు మందలో ఉంటేనే ధైర్యంగా తిరుగుతాయి. ఆరుకి తగ్గితే బెదురుతాయి, పది ఉంటే చూడముచ్చటగా ఈదుతాయి. అలాగని రేపే పరుగెత్తి తేవద్దు! టెస్ట్ కిట్‌తో చూస్తే అమ్మోనియా, నైట్రైట్ రెండూ వారం పాటు సున్నా రావాలి. అప్పుడు మూడు నాలుగు తెచ్చి, రెండు వారాలు విడి తొట్టెలో ఉంచి కలపండి. మిగతావి తర్వాత.

ఏంజెల్ అడ్డాన్ని ఇప్పుడే తప్పించండి. ఇప్పుడు బుద్ధిమంతురాలే, కానీ పెరిగాక నోట్లో పట్టే చేప దానికి మేతే. దాని బదులు హార్లెక్విన్ రాస్బోరాలనే చిన్న గుంపు చేపలు నప్పుతాయి. టైగర్ బార్బ్‌లూ గుంపు చేపలే అయినా తోటి చేపల రెక్కలు కొరుకుతాయి కాబట్టి వద్దు.

ఉష్ణోగ్రత 22 నుంచి 26 డిగ్రీల మధ్య ఉంచండి. మేత రోజుకు రెండుసార్లు, చిటికెడు చాలు. రెండు నిమిషాల్లో తినగా మిగిలి అడుగుకు దిగుతోందంటే, ఆ చిటికెడు కూడా ఎక్కువే.