101కి ఫోన్ చేస్తే ఏ ఫైరింజన్ వస్తుంది, ఎంతసేపు నీళ్ళు కొడుతుంది?

హైదరాబాద్‌లో ఇరుకు సందులో ఉన్న ఐదంతస్తుల అపార్ట్‌మెంట్ దాకా పెద్ద నిచ్చెన బండి వస్తుందా, రాకపోతే అగ్నిమాపక శాఖ ఏం పంపుతుంది అన్నది మీ ప్రశ్న. నిచ్చెన సంగతి తర్వాత. ముందు నీళ్ళ లెక్క చూడాలి, ఎందుకంటే మిగతా ఏర్పాటంతా దాని చుట్టూనే తిరుగుతుంది.

స్టేషన్ నుంచి మొదట కదిలేది మామూలుగా వాటర్ టెండర్, అంటే నీళ్ళ ట్యాంకూ పంపూ ఉన్న ఫైరింజన్. ప్రామాణికమైన బండిలో ట్యాంకు 4,500 లీటర్లు. పంపు 7 బార్ (ఒక బార్ అంటే దాదాపు మన చుట్టూ ఉన్న గాలి పీడనమంత) ప్రెషర్ దగ్గర నిమిషానికి 1,800 లీటర్లు ఇవ్వగలదు. 63 మి.మీ. హోస్ చివర చేత్తో పట్టుకునే బ్రాంచ్ పైపు బిగించి, 20 మి.మీ. నాజిల్‌తో 4 బార్ దగ్గర కొడితే నిమిషానికి సుమారు 530 లీటర్లు పోతాయి. అంటే ఒక్క జెట్‌కి (ఒక నాజిల్ నుంచి వచ్చే ధారకి) ట్యాంకు ఎనిమిదిన్నర నిమిషాలు ఆగుతుంది. రెండు జెట్‌లు వేస్తే నాలుగు నిమిషాల పైచిలుకే. 12 మి.మీ. నాజిల్ పెడితే నిమిషానికి 190 లీటర్లే అవుతుంది కాబట్టి ఇరవై మూడు నిమిషాలు వస్తుంది. ఒక గదిలో మంటకి అది చాలు, గోడౌన్‌కి చాలదు. పైకి వెళ్ళేకొద్దీ ప్రతి 10 మీటర్లకీ ఒక బార్ ప్రెషర్ తగ్గుతుంది, హోస్ పొడవు వల్ల పోయేది వేరే. అందుకే మొదటి బండితో వచ్చిన లీడింగ్ ఫైర్‌మన్ ఒక కన్ను మంట మీద, ఒక కన్ను రెండో నీటి వసతి మీద పెడతాడు.

ఆ రెండో వసతి ఎక్కువ ఎత్తున్న భవనంలో హైడ్రెంట్, అంటే హోస్ తగిలించుకునే నీళ్ళ కొళాయి. తెలంగాణలో నివాస భవనం 18 మీటర్లు, వాణిజ్య భవనం 15 మీటర్లు దాటితే అగ్నిమాపక శాఖ ఎన్ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం) కావాలి. ఆ లోపున్న అపార్ట్‌మెంట్లలో చాలావాటికి హైడ్రెంట్లకు నీళ్ళు పైకి తీసుకెళ్ళే రైజర్ పైపులే ఉండవు. అప్పుడు మీ సంప్ దిక్కు. 20,000 లీటర్ల సంప్ నిండుగా ఉంటే నాలుగు ట్యాంకులకు మించిన నీళ్ళు. ఫైరింజన్ తన సక్షన్ హోస్ దించి, తన పంపుతోనే తోడుకుంటుంది. మీ మోటార్‌తో పని లేదు కాబట్టి కరెంటు ఆపేసినా పరవాలేదు. నీటి మట్టం పంపు నుంచి ఏడు మీటర్లకు మించి లోతులో ఉంటే తోడడం కష్టం. ఇక జాయింటులో వాషర్ పాడై గాలి పీలిస్తే, మట్టం ఎంత పైనున్నా నీళ్ళెక్కవు. ఇన్ని ఉన్నా, సంప్ మూత మీద కారు పార్క్ చేసి ఉంటే అంతా వృథా. మీ అసోసియేషన్ ముందుగా చూడాల్సింది అదే.

ఈ అగ్నిమాపక శాఖ హైదరాబాద్ నగరపాలక సంస్థ జీహెచ్ఎంసీది కాదు. ముంబైలో ఫైర్ బ్రిగేడ్ కార్పొరేషన్ చేతిలో ఉంటుంది. ఇక్కడ రాష్ట్ర శాఖ, పైన డైరెక్టర్ జనరల్. బండి మీద ఫైర్‌మన్లు, డ్రైవర్ ఆపరేటర్, లీడింగ్ ఫైర్‌మన్. స్టేషన్‌కి స్టేషన్ ఫైర్ ఆఫీసర్. ఆ పైన అసిస్టెంట్ డిస్ట్రిక్ట్, డిస్ట్రిక్ట్, రీజినల్ ఫైర్ ఆఫీసర్లు. వీళ్ళలో డ్రైవర్ ఆపరేటర్ పనిని జనం తక్కువగా చూస్తారు. బండి ఆగాక పంపు నడిపేది అతనే. అతను ఉన్నట్టుండి ప్రెషర్ పెంచితే పైన బ్రాంచ్ పట్టుకున్నవాడు కాలు నిలదొక్కుకోలేడు, తగ్గితే మంట ముందు నీళ్ళు లేకుండా నిలబడతాడు.

మంట పెద్దదైతే పక్క స్టేషన్ల బండ్లు, ఎక్కువ నీళ్ళు మోసే బౌజర్లు వస్తాయి. రసాయనాలకి నురగ కొట్టే ఫోమ్ టెండర్. నీళ్ళని మంచుతుంపరలా కొట్టే చిన్న మిస్ట్ వాహనాలు సందుల్లో దూరతాయి. మీ వీధికి చాలాసార్లు ముందు చేరేది అవే.

ఇక నిచ్చెన బండి. 54 మీటర్ల ఎత్తుకి చేరే బ్రాంటో స్కైలిఫ్ట్ గొప్ప యంత్రమే. కానీ నాలుగు వైపులా జాక్‌లు (ఊత కాళ్ళు) చాపి నిలబడాలి. పెద్ద ఫైరింజన్ కోసం భవనం చుట్టూ దారి 45 టన్నుల బరువు మోయాలని జాతీయ నిర్మాణ నియమావళి చెబుతుంది. ఆ దారి కింద సెల్లార్ తవ్వి ఉంటే పై స్లాబ్‌కే ఆ బలం ఉండాలి. మీ సందులో దాని మీద ఆశ పెట్టుకోవద్దు.

పొగ దగ్గరే ప్రాణాలు పోతున్నాయి. 2022 సెప్టెంబరులో సికింద్రాబాద్ రూబీ హోటల్‌లో కింద ఎలక్ట్రిక్ బైకుల షోరూమ్ అంటుకుంటే పొగ పైకెక్కి 8 మంది పోయారు. 2023 మార్చిలో స్వప్నలోక్ కాంప్లెక్స్‌లో ఆరుగురు. 2025 మేలో గుల్జార్ హౌజ్ దగ్గర ఇంట్లోకి ఉన్నది ఇరుకు దారి, 17 మంది చనిపోయారు. పొగలోకి వెళ్ళే ఫైర్‌మన్ వీపు మీద బీఏ సెట్, అంటే ఊపిరికి గాలి ఇచ్చే సిలిండర్, మాస్క్ ఉంటాయి. 6 లీటర్ల సిలిండర్‌లో 300 బార్ దగ్గర 1,800 లీటర్ల గాలి. నిమిషానికి 40 లీటర్ల చొప్పున 45 నిమిషాలు అని కాగితం మీద లెక్క. హోస్ మోస్తూ మెట్లెక్కితే అంతసేపు రాదు. గాలి 55 బార్ దగ్గరికి దిగితే విజిల్ మోగుతుంది, ఆలోపే బయటికి వచ్చేసేలా లెక్క వేసుకోవాలి. అంటే ఒక్కో జట్టుకి వెతకడానికి దొరికేది కొద్ది నిమిషాలు. ఎవరు ఏ ఫ్లాట్‌లో ఉన్నారో కింద నిలబడి చెప్పే మనిషి ఉంటే ఆ నిమిషాలు వృథా కావు.

మెట్ల మీద చెప్పుల స్టాండ్లు, పాత సోఫాలు తీసేయండి. టెర్రస్ తలుపుకి తాళం వేయకండి, పైకి పరిగెత్తినవాళ్ళు అక్కడే చిక్కుకుంటారు. ఎలక్ట్రిక్ బండ్ల ఛార్జింగ్ మెట్ల మొదట్లో పెట్టవద్దు. లిథియం బ్యాటరీ ఆరినట్టే ఆరి మళ్ళీ అంటుకుంటుంది, చాలాసేపు నీళ్ళతో చల్లబరచాలి.

101కి గానీ 112కి గానీ ఫోన్ చేసినప్పుడు వీధి, గుర్తు చెప్పాక ఎన్ని అంతస్తులు, సెల్లార్ ఉందా, ఏం కాలుతోంది, లోపల ఎవరైనా ఉన్నారా, సందు ఎంత వెడల్పు అన్నవి వరుసగా చెప్పండి. వెడల్పు చెబితే ఏ బండి పంపాలో అక్కడే తేలుతుంది. ఫోన్ పెట్టగానే మెయిన్ స్విచ్ ఆపించి, సంప్ మూత తెరిపించి, ఒకరిని మెయిన్ రోడ్డు మలుపులో నిలబెట్టండి.