బ్యాలెట్ ప్రూఫ్ మీద సంతకం పెట్టే ముందు

అమ్మాయ్,

నిన్న ఫోన్లో నీ గొంతు వినగానే టెన్షన్ పడుతున్నావని తెలిసిపోయింది. నాయబ్ తహసీల్దార్‌గా చేరి ఏడాది కూడా కాలేదు, అప్పుడే బ్యాలెట్ పని నీ నెత్తిన పెట్టారు. ఫోన్లో చెబితే సగం గుర్తుండదని రాస్తున్నాను. రిటైరయ్యేదాకా చాలా ఎన్నికలకి నేను చేసిన పనే ఇది, తీరిగ్గా చదువు.

ముందు ఒకటి బుర్రలో పెట్టుకో. బ్యాలెట్ పేపర్ మీద మన ఇష్టానికి వదిలేసింది ఏదీ లేదు. ఎవరి పేరు ముందు రావాలి, అక్షరం ఎంతుండాలి, కాగితం ఏ రంగు, అన్నిటికీ రూల్ ఉంది. 1951 ప్రజాప్రాతినిధ్య చట్టంలో 38వ సెక్షన్, 1961 ఎన్నికల నిర్వహణ నియమాల్లో 22, 49బి, వాటి మీద ఎన్నికల కమిషన్ ఎప్పటికప్పుడు ఇచ్చే ఆదేశాలు, ఇవన్నీ ప్రింట్ తీసి టేబుల్ మీద పెట్టుకో. పోయినసారి ఫైలు తీసి అలాగే చేసేద్దాం అని సెక్షన్లో ఎవరో ఒకరు అంటారు, వినకు. 2013లో సుప్రీంకోర్టు తీర్పుతో నోటా వచ్చింది, 2015లో అభ్యర్థి ఫొటో వచ్చింది, 2025 సెప్టెంబరులో కమిషన్ మళ్ళీ మార్చింది. ఇప్పుడు ఫొటో రంగుల్లో ఉండాలి, ఫొటో గడిలో ముప్పాతిక వంతు ముఖమే కనపడాలి, వరస నంబరు 30 సైజులో బోల్డ్‌గా, పేర్లన్నీ ఒకే ఫాంటులో, కాగితం మందం 70 జీఎస్‌ఎం (చదరపు మీటరుకి 70 గ్రాములు), అసెంబ్లీ ఎన్నికకైతే గులాబీ రంగు. బీహార్ ఎన్నికలతో అది మొదలైంది. పాత ఫైలు పట్టుకుని కూర్చుంటే ఇవన్నీ తప్పుతాయి.

ఇక పేర్ల వరస. గొడవలన్నీ ఇక్కడే వస్తాయి కాబట్టి దీని గురించి కాస్త ఎక్కువే చెప్తాను. చట్టం ప్రకారం మూడు గుంపులు: గుర్తింపు ఉన్న పార్టీల అభ్యర్థులు ముందు, రిజిస్టరై గుర్తింపు లేని పార్టీల వాళ్ళు తర్వాత, స్వతంత్రులు చివర, అందరి తర్వాత నోటా. ఏ గుంపుకి ఆ గుంపులో అక్షరక్రమం. ఆ గుంపుల హెడ్డింగులు బ్యాలెట్ మీద పడవు, పార్టీ పేరు కూడా ఉండదు, అందుకని మూడో నంబర్లో తన పేరు చూసుకున్న స్వతంత్రుడు ఏడో నంబర్లోకి వెళ్ళాడంటే నీ మీదికి వస్తాడు. అతనికి ఓపిగ్గా సెక్షన్ చూపించి చెప్పు, విసుక్కోకు.

మన దగ్గర జాబితా తెలుగు అక్షరాల వరసలో వేస్తాం. కంప్యూటర్ ఆపరేటర్ ఇంగ్లిష్ పేర్లు పెట్టి సార్ట్ కొట్టాడనుకో, సత్యం, శంకర్, శ్రీనివాస్ అని వస్తుంది. తెలుగులో అది తప్పు, శంకర్, శ్రీనివాస్ అయ్యాకే సత్యం రావాలి. పోనీ తెలుగులోనే సార్ట్ కొట్టినా కంప్యూటర్‌ని నమ్మకు. దాని లెక్కలో ళ అక్షరం వ, శ ల కంటే ముందుంటుంది, మనం బడిలో నేర్చుకున్న వర్ణమాలలో హ తర్వాత వస్తుంది. కాళిదాసు, కాశీనాథ్ అని ఇద్దరు నిలబడితే చాలు, కంప్యూటర్ ఒకలా చెబుతుంది, పెద్ద బాలశిక్ష ఇంకోలా చెబుతుంది. అలాంటివి నీ అంతట నువ్వు తేల్చకు, ఫైల్లో రాసి రిటర్నింగ్ అధికారి (ఆర్వో)తో తేల్పించి సంతకం తీసుకో. పేరు ముందున్న ఇనీషియల్స్‌ని వరసకి లెక్కలోకి తీసుకోరు, పేరులో మొదట ఏది ఉంటే, అది ఇంటిపేరైనా సరే, దాని అక్షరమే చూస్తారు. డాక్టర్ అని పెట్టుకుంటానంటే పెట్టొచ్చు గానీ దాంతో వరస మారదు.

ఉపసంహరణ గడువు మధ్యాహ్నం 3 గంటలకి ముగియగానే పోటీలో ఉన్న వాళ్ళ జాబితా తయారు చేయాలి. అప్పుడు ఊపిరి తీసుకునే టైం ఉండదు. కాబట్టి అంతకుముందే ప్రతి అభ్యర్థి చేత, తన పేరు బ్యాలెట్ మీద ఎలా పడాలో తెలుగులో రాయించి సంతకం పెట్టించు. ఊళ్ళో అందరూ పిలిచే పేరు వేరే ఉందనుకో, జాబితా తయారయ్యే లోపు రాతపూర్వకంగా అడిగితే ఆర్వో మార్చొచ్చు. జాబితా అయ్యాక వచ్చి దీర్ఘం పోయింది, ఒత్తు పోయింది అంటే నీ దగ్గర కాగితం ఉండాలి.

ఒకే పేరుతో ఇద్దరు ముగ్గురు నిలబడటం నువ్వు వినే ఉంటావు. 2024లో తమిళనాడు రామనాథపురంలో ఒక మాజీ ముఖ్యమంత్రి పన్నీర్‌సెల్వం నిలబడితే అదే పేరుతో ఇంకో ఐదుగురు వేశారు. పేరు పెట్టుకున్నందుకు ఎవర్నీ ఆపలేం, కానీ వృత్తో ఊరో చేర్చి తేడా తెలిసేలా చేయాలని రూల్ చెబుతోంది. దాన్ని మాత్రం వదలకు.

హైదరాబాద్ సంగతి గుర్తుందా? 2020 డిసెంబర్ 1న కార్పొరేషన్ ఎన్నికల్లో ఓల్డ్ మలక్‌పేట డివిజన్లో సీపీఐ అభ్యర్థి పేరు పక్కన కంకి కొడవలి పడాల్సింది, సీపీఎం వాళ్ళ సుత్తి కొడవలి నక్షత్రం పడింది. పొద్దున పోలింగ్ మొదలయ్యాక గానీ బయటపడలేదు. డివిజన్ మొత్తం పోలింగ్ ఆపి మూడో తారీఖున మళ్ళీ పెట్టారు. వేలమంది రెండోసారి రావాల్సొచ్చింది. ఎంతమంది చేతులు దాటి వచ్చి ఉంటుందో ఆ కాగితం, ఆలోచించు.

మీ అమ్మమ్మ చదువుకోలేదు కదా. నేను ఈ ఉద్యోగంలో ఉన్నప్పుడు కూడా ఆవిడ గుర్తు చూసే ఓటేసేది, పేరు ఆవిడకి గీతలే. 1952లో అయితే అభ్యర్థికో పెట్టె పెట్టి పెట్టె మీద గుర్తు అతికించేవాళ్ళు, అలాంటి వాళ్ళ కోసమే. పంచాయతీ ఎన్నికల్లో ఇప్పటికీ బ్యాలెట్ మీద పేర్లు ఉండవు, గుర్తులే, సర్పంచ్‌కి గులాబీ కాగితం, వార్డుకి తెల్లది. అక్కడ పేర్ల అక్షరక్రమాన్ని బట్టే గుర్తులు ఇస్తారు కాబట్టి వరసలో ఒక్క పేరు జరిగితే ఉంగరం రావాల్సిన మనిషికి కత్తెర వస్తుంది, అతను ఊరంతా తిరిగి కత్తెర అని చెప్పుకున్నాక ఎవరు సరిచేస్తారు?

మనుషులు ఎక్కువైతే ఏమవుతుందో కూడా తెలుసుకో. ఈవీఎంలో ఓటరు బటన్ నొక్కే పెట్టెనే బ్యాలెట్ యూనిట్ అంటాం, ఒకదానిలో నోటాతో కలిపి 16 మందికే చోటు. 2019లో నిజామాబాద్‌లో పసుపు, ఎర్రజొన్న రైతులు నామినేషన్లు వేస్తే మొత్తం 185 మంది బరిలో నిలిచారు, పోలింగ్ కేంద్రానికి 12 యూనిట్లు పెట్టాల్సొచ్చింది. 1996లో నల్లగొండలో ఫ్లోరైడ్ నీళ్ళ మీద నిరసనగా నామినేషన్లు వేస్తే మొత్తం 480 మంది, అప్పట్లో కాగితం బ్యాలెట్ కాబట్టి అది పుస్తకమైంది. వాళ్ళ బాధ నిజమే, రైతుది గానీ ఫ్లోరైడ్ నీళ్ళు తాగినవాళ్ళది గానీ. ఎంతమంది నిలబడినా ప్రతి పేరుకీ ఒకే గడి, ఒకే అక్షరం ఇవ్వడం మన పని.

ఇప్పుడు ప్రూఫ్, అంటే అచ్చుకి ముందు సరిచూడమని ప్రెస్ పంపే నమూనా, చూసే పద్ధతి. నేను ఒకసారి రాత్రి రెండింటికి ఒక్కణ్ణే కూర్చుని కళ్ళతో చదివి బాగుందనుకున్నాను. ఇద్దరు సత్తయ్యలు పక్కపక్క వరసల్లో ఉన్నారు, వాళ్ళ గుర్తులు తారుమారయ్యాయి. పొద్దున రికార్డ్ అసిస్టెంట్ పైకి చదువుతుంటే దొరికింది, లేకపోతే అచ్చుకి వెళ్ళిపోయేది. చాలా రోజులు నిద్ర పట్టలేదు. అప్పట్నుంచి ఎప్పుడూ ఇద్దరం చూసేవాళ్ళం. ఒకరు ఫారం 7ఏ, అంటే పోటీలో ఉన్న వాళ్ళ జాబితా, పట్టుకుని నంబరు, పేరు, గుర్తు పైకి చదవాలి, ఇంకొకరు ప్రూఫ్ మీద అడ్డంగా స్కేలు పెట్టి ఆ ఒక్క వరసే చూడాలి. అయ్యాక చేతులు మార్చుకుని ఈసారి కింది నుంచి పైకి చదవాలి. పైనుంచి చదివితే కన్ను తనకి తెలిసిన పేరునే చూసేస్తుంది. గుర్తుని కమిషన్ ఇచ్చిన నమూనా పక్కన పెట్టి చూడు, గుర్తు పేరు చదివి టిక్కు పెట్టేయకు. ఫొటో కిందా మీదా చూసి అతనే అని నామినేషన్ కాగితాలతో పోల్చు. పోస్టల్ బ్యాలెట్ వేరే అచ్చు కాబట్టి దానికీ ఇదంతా మళ్ళీ చేయాలి.

అచ్చయి వచ్చాక యూనిట్‌లో పెట్టే రోజు నువ్వే దగ్గరుండు. కాగితం ఒక్క గీత జరిగినా పేరుకీ పక్కనున్న నీలం బటన్‌కీ పొంతన పోతుంది. మొదటి పేరు, మధ్యలో పేరు, నోటా, మూడు చోట్ల గీత సరిగ్గా కలిసిందో లేదో వంగి చూసి, ఆ తర్వాతే సీల్ వేయించు.

ప్రూఫ్ ఎప్పుడొస్తుందో చెప్పు. ఆ రాత్రి నేను మేలుకునే ఉంటాను, ఏ వరస మీద అనుమానమొచ్చినా ఫోన్ చెయ్యి.

మామయ్య