ఎండిన ఆకుల తరఫున వాదించే ఉద్యోగం ఉంటుందా?

ప్రశ్న: మా అమ్మాయి అనంతపురంలో బీఎస్సీ బోటనీ చివరి సంవత్సరం చదువుతోంది. వాళ్ల కాలేజీలో పాత మొక్కల నమూనాల బీరువాలు ఉన్నాయి. సెలవు రోజుల్లో కూడా అక్కడే కూర్చుని వాటికి జాబితా రాస్తోంది. ఇప్పుడు పీజీలో మ్యూజియాలజీ (మ్యూజియాల నిర్వహణ శాస్త్రం) చదివి, యూనివర్సిటీ మ్యూజియాల్లో పనిచేస్తానంటోంది. ఆ సేకరణల తరఫున వాదించేవాళ్లు కావాలట. ఎండిన ఆకుల తరఫున వాదించడం ఏమిటో, దానికి జీతం ఎవరిస్తారో మాకు అర్థం కావడం లేదు. బీఈడీ చేయమని మేం చెబుతున్నాం. మీ సలహా ఏమిటి? – ఒక తండ్రి, అనంతపురం

జవాబు: అయ్యా, జీతం సంగతే ముందు మాట్లాడుకుందాం. మన దేశంలో విశ్వవిద్యాలయ మ్యూజియాల కోసమే ఉన్న ఉద్యోగాలు తక్కువ. చాలాచోట్ల క్యూరేటర్, అంటే సేకరణను చూసుకునే అధికారి పోస్టే ఉండదు. విభాగంలో ఒక అధ్యాపకుడికి తాళంచెవులు అప్పగిస్తారు, ఆయన పాఠాలు చెప్పుకుంటూనే ఆ బాధ్యత కూడా మోస్తారు. మ్యూజియాలజీ పట్టా ఉంటే అక్కడ ఉద్యోగం ఖాయమని ఎవరైనా చెబితే నమ్మకండి. అయినా అమ్మాయిని ఆపమని నేను చెప్పను. ఆమె పట్టుకున్న విషయంలో పస ఉంది.

విశ్వవిద్యాలయంలోని మ్యూజియానికి ఒక చిక్కు ఉంది. దాని యజమానికి మ్యూజియం నడపడం అసలు పని కాదు. చదువు చెప్పడం, పరిశోధన చేయించడం, పరీక్షలు పెట్టడం అసలు పనులు. కొత్త ల్యాబ్‌కు గది కావాలన్నా, హాస్టల్‌కు నిధులు చాలకపోయినా ముందుగా కళ్లు పడేది బీరువాల గది మీదే. ఆ నమూనాలను సేకరించిన ప్రొఫెసర్ రిటైరయ్యాక లోపల ఏముందో చెప్పగలిగిన మనిషి కూడా మిగలడు. అప్పుడు అది సేకరణ కాదు, సామాను.

పెద్ద విశ్వవిద్యాలయాల్లో ఇలా జరగదనుకోకండి. అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయ హెర్బేరియం, అంటే ఎండబెట్టిన మొక్కల నమూనాల భాండాగారం, 1921 నాటిది. ఎనిమిది లక్షలకు పైగా నమూనాలున్నాయి. దాన్ని మూసివేసి నమూనాలను వేరే సంస్థలకు తరలిస్తామని 2024 ఫిబ్రవరిలో ప్రకటించారు. శాస్త్రవేత్తలు లేఖలు రాశారు, సంతకాలు సేకరించారు, అయినా యాజమాన్యం మెత్తబడలేదు. అంతకుముందు 2009 జనవరిలో అదే దేశంలోని బ్రాండైస్ విశ్వవిద్యాలయం, ఆర్థిక మాంద్యంలో నిధులు కరిగిపోయాయని, తన రోజ్ ఆర్ట్ మ్యూజియాన్ని మూసి చిత్రాలను అమ్మాలని తీర్మానించింది. విద్యార్థులు, కళాకారులు, ఇతర మ్యూజియాల వాళ్లు ఒక్కటై వ్యతిరేకించారు. మ్యూజియం పాలకవర్గ సభ్యులు కొందరు కోర్టుకెక్కారు. 2011లో రాజీ కుదిరింది, చిత్రాలు మిగిలాయి, మ్యూజియం ఇప్పటికీ నడుస్తోంది. ఈ రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే నాకు ఒకటి తోస్తుంది. చిత్రాలకు ధర పలుకుతుంది కనుక అమ్ముకోవాలనిపించింది. ఎండిన మొక్కకు ధర లేదు కనుక వదిలించుకోవాలనిపించింది. ధర ఉన్నా ముప్పే, లేకపోయినా ముప్పే. ధరతో సంబంధం లేని విలువను అధికారుల ముందు పెట్టి ఒప్పించాల్సిన మనిషి అందుకే కావాలి. అమ్మాయి చెబుతున్న వాదన అదే.

ఆ విలువ ఎలా ఉంటుందో చెబుతాను. 1993లో అమెరికా నైరుతి రాష్ట్రాల్లో ఆరోగ్యంగా ఉన్న యువకులు ఊపిరాడక రోజుల వ్యవధిలో చనిపోయారు. కారణం హంటావైరస్ అనీ, డీర్ మౌస్ అనే ఎలుక నుంచి సోకుతోందనీ తేలింది. ఇది ఎక్కడి నుంచో కొత్తగా ఊడిపడిందా, లేక ముందు నుంచీ ఉందా? జవాబు న్యూ మెక్సికో విశ్వవిద్యాలయంలోని మ్యూజియం ఆఫ్ సౌత్‌వెస్టర్న్ బయాలజీలో దొరికింది. ఏళ్ల తరబడి పట్టిన ఎలుకల కణజాలాన్ని అక్కడివాళ్లు గడ్డకట్టించి దాచారు. దాచినప్పుడు ఈ జబ్బు సంగతి ఎవరికీ తెలియదు. ఆ పాత నమూనాలను పరీక్షిస్తే వైరస్ కనిపించింది. అంటే అది కొత్తది కాదు. వానలు బాగా కురిసి, తిండి పెరిగి, ఎలుకల సంఖ్య పెరిగినందున మనుషుల దాకా వచ్చింది. ఏ ఖర్చుల కమిటీ అయినా 1992లో ఆ ఫ్రీజర్లను చూసి ఉంటే కరెంటు బిల్లు దండగ అనేది.

ఈసారి అమ్మాయి కాలేజీకి వెళ్లినప్పుడు మీరూ వెంట వెళ్లి ఒక్క హెర్బేరియం షీటు చూడండి. దళసరి కాగితంపై నొక్కి ఆరబెట్టిన కొమ్మ, దాన్ని పట్టి ఉంచిన దారపు కుట్లు, కింద కుడిమూల చీటీ. చీటీ మీద మొక్క పేరు, దొరికిన చోటు, తేదీ, సేకరించినవారి పేరు, సంఖ్య. శేషాచలం కొండల్లో కోసిన ఎర్రచందనం కొమ్మ పూతతో ఉందనుకోండి, ఆ ఏడాది ఆ కొండ మీద ఆ చెట్టు ఏ నెలలో పూసిందో ఆ కాగితం సాక్ష్యం చెబుతుంది. ఇప్పుడు పూత ముందుకు జరిగిందా అన్న ప్రశ్నకు ఆ తేదీతో పోల్చి చూడాలి. చీటీ చిరిగిపోతే మిగిలేది మీరన్న ఎండిన ఆకే. ఆమె రాస్తున్న జాబితా ఆ చీటీలను బతికిస్తోంది.

ఒక్క బీరువా గొంతు యాజమాన్యానికి వినపడదు. అందుకే మ్యూజియాలు జట్టు కట్టాయి. 2000లో యూరప్‌లోని పన్నెండు విశ్వవిద్యాలయాలు జర్మనీలోని హాలేలో కలిసి ఒక ప్రకటన చేశాయి, దాని నుంచే యూనివర్సియం అనే వేదిక పుట్టింది. మరుసటి ఏడాది అంతర్జాతీయ మ్యూజియాల మండలి ఐకామ్ కింద విశ్వవిద్యాలయ మ్యూజియాలకు యూమ్యాక్ అనే కమిటీ ఏర్పడింది. ప్రపంచంలో ఏ విశ్వవిద్యాలయంలో ఏ సేకరణ ఉందో అది ఒక చోట నమోదు చేస్తోంది. 2005లో ఐరోపా మండలి విశ్వవిద్యాలయ వారసత్వాన్ని ఎలా చూసుకోవాలో సభ్యదేశాలకు సిఫార్సులు చేసింది. ఇవన్నీ కాగితాలే. కానీ ఒక గది ఖాళీ చేయమని ఆదేశం వచ్చినప్పుడు క్యూరేటర్ చేతిలో ఆ కాగితం ఉండటానికీ లేకపోవడానికీ చాలా తేడా ఉంది.

సహకారంలో తిరిగి ఇవ్వడం కూడా భాగమే. ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన ఆష్మోలియన్ మ్యూజియం 1683లో తెరిచినది. అందులో ఉన్న తిరుమంగై ఆళ్వార్ కంచు విగ్రహం 1957లో కుంభకోణం దగ్గరి గుడిలో ఉన్నట్టు పుదుచ్చేరిలోని ఫ్రెంచి పరిశోధన సంస్థ ఫొటోలు చూపించాయి. దాన్ని భారత్‌కు తిరిగి ఇచ్చేందుకు 2024లో విశ్వవిద్యాలయం అంగీకరించింది. ఒక సంస్థ జాగ్రత్తగా దాచిన ఫొటో మరో సంస్థలోని విగ్రహం ఇల్లు ఏదో చెప్పింది. పెరూలోని పురాతన ఇంకా నగరం మచు పిచ్చు నుంచి తీసుకెళ్లిన వస్తువులను తిరిగి ఇచ్చే విషయంలో అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయం, పెరూలోని కుస్కో విశ్వవిద్యాలయం 2011లో ఒప్పందం చేసుకుని కలిసి పరిశోధన కేంద్రం నడపడం కూడా ఈ కోవలోదే.

మన దగ్గరా గొప్ప సేకరణలున్నాయి. కలకత్తా విశ్వవిద్యాలయంలో ఆశుతోష్ మ్యూజియం 1937లో వచ్చింది. బెనారస్ హిందూ విశ్వవిద్యాలయంలోని భారత్ కళాభవన్ మూలాలు 1920 నాటివి. దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని రోనాల్డ్ రాస్ 1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో గుర్తించారు కదా, ఆయన పేరుతో బేగంపేటలో ఉన్న సంస్థ ఉస్మానియా విశ్వవిద్యాలయానిదే. ఇక మీ ఊళ్లోనే శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయానికి మంచి హెర్బేరియం ఉంది. ప్రపంచ హెర్బేరియాల సూచికలో దాని సంకేతం ఎస్కేయూ.

ఇక దారి. నా సలహా, ఆమె బోటనీని వదలకూడదు. సేకరణను కాపాడేవాళ్లకు ఆ సబ్జెక్టు రాకపోతే శాస్త్రవేత్తలు వాళ్ల మాట లెక్కచేయరు. ముందు ఎమ్మెస్సీ బోటనీ, అందులో వర్గీకరణ శాస్త్రం మీద దృష్టి, ఆ తర్వాత మ్యూజియాలజీ. ఇది నాకు అన్నిటికన్నా భద్రమైన వరుసగా కనిపిస్తోంది. రెండేళ్లు ఎక్కువ పడతాయి, నిజమే. కానీ బొటానికల్ సర్వే, సైన్స్ మ్యూజియాల జాతీయ మండలి, పరిశోధన ప్రాజెక్టులు, డిగ్రీ కాలేజీ అధ్యాపక ఉద్యోగాలు, ఇన్ని తలుపులు తెరిచి ఉంటాయి. బొటానికల్ సర్వేకు హైదరాబాద్‌లోనే ప్రాంతీయ కేంద్రం ఉంది. నేరుగా మ్యూజియాలజీకే వెళ్లాలని పట్టుబడితే వడోదరలోని మహారాజా సాయాజీరావు విశ్వవిద్యాలయం (అక్కడ ఆ విభాగం 1952 నుంచి ఉంది), బెనారస్, కలకత్తా, అలీగఢ్ చూడండి. యూజీసీ నెట్‌లో మ్యూజియాలజీ, కన్జర్వేషన్ ఒక సబ్జెక్టుగా ఉంది కనుక అధ్యాపక వృత్తి దారి అటునుంచీ మూసుకుపోదు. బీఈడీ చెడ్డ సలహా కాదు. అయితే అది తర్వాత కూడా చేయవచ్చు, ఆసక్తి మరిగి ఉన్న ఈ సమయంలో దాని కోసం ఈ పని వదిలించకండి.

ఈ ఎండాకాలంలో చేయాల్సినది ఒకటుంది. ఆమె రాసిన జాబితాను కంప్యూటర్లో వరుసపెట్టి ఎక్కించి, ప్రతి షీటుకూ ఒక ఫొటో తీసి, ప్రిన్సిపాల్ అనుమతితో ఒక ప్రతి కాలేజీ లైబ్రరీలో పెట్టాలి. మరో ప్రతి పట్టుకుని ఎస్కేయూ హెర్బేరియానికి వెళ్లి, పేర్లు సరిచూడమని అడగాలి. ఒకే మొక్కవి రెండు మూడు షీట్లుంటే ఒకటి వాళ్లకు ఇచ్చి, వాళ్ల దగ్గరి అదనపు షీటు తెచ్చుకునే మార్పిడి హెర్బేరియాల మధ్య ఎప్పటి నుంచో ఉన్న ఆనవాయితీ. అది కుదిరితే కాలేజీ బీరువాకు మొదటి పొత్తు కుదిరినట్టే, పీజీ ఇంటర్వ్యూలో చెప్పుకోవడానికి ఆమెకు సొంత పని ఉన్నట్టే. ఐకామ్‌లో విద్యార్థులకు ప్రత్యేక సభ్యత్వం ఉంది, పీజీలో చేరాక తీసుకోమనండి. బెనారస్ ఆలోచన ఉంటే కేంద్రీయ విశ్వవిద్యాలయాల పీజీ ప్రవేశ పరీక్ష సీయూఈటీ పీజీ నోటిఫికేషన్ కోసం ఇప్పటి నుంచే కన్నేసి ఉంచండి, దరఖాస్తు గడువు సాధారణంగా డిగ్రీ ఆఖరి పరీక్షల కన్నా ముందే ముగిసిపోతుంది.