2019–20 ఇంగ్లండ్ ఫుట్‌బాల్ సీజన్ ఒక్కో డివిజన్‌లో ఒక్కోలా ఎందుకు ముగిసింది?

కరోనా వల్ల 2019–20 సీజన్ మధ్యలో ఆగిపోయినప్పుడు ఇంగ్లండ్‌లో పై రెండు డివిజన్లు మిగిలిన మ్యాచ్‌లన్నీ ఆడి ముగించాయని, వాటి కిందివి సగటు లెక్కతో సరిపెట్టుకున్నాయని, ఇంకా కిందివాటి ఫలితాలను పూర్తిగా రద్దు చేశారని చెబుతూ, ఒకే దేశంలో ఇన్ని పద్ధతులెందుకు, వీటివల్ల ఎవరికైనా అన్యాయం జరిగిందా అని మీరు అడిగారు. అప్పట్లో నేను లివర్‌పూల్‌కు ఎదురుగా, మెర్సీ నది ఆవలి ఒడ్డున ఉన్న బర్కెన్‌హెడ్‌లో ఉండేవాణ్ణి. ఆ ఊరి జట్టు ట్రాన్మియర్ రోవర్స్. సొంత మైదానమైన ప్రెంటన్ పార్క్‌లో ఆ జట్టు ఆడే మ్యాచ్‌లకు క్రమం తప్పకుండా వెళ్లేవాణ్ణి. అందువల్ల నా జవాబు ఆ మైదానం వైపు కొంత ఒరిగి ఉంటుంది. ఆ సీజన్‌లో అన్యాయం జరిగిందనే నా అభిప్రాయం, ఎందుకు అలా అంటున్నానో వివరిస్తాను.

ముందుగా ఆ వ్యవస్థ గురించి కొంచెం చెప్పాలి. ఇంగ్లండ్‌లో ప్రీమియర్ లీగ్ కింద చాంపియన్‌షిప్, దాని కింద లీగ్ వన్, లీగ్ టూ, ఆ తర్వాత నేషనల్ లీగ్, దాని కింద ప్రాంతీయ లీగులు ఉంటాయి. ప్రతి ఏటా పైనుంచి కొన్ని జట్లు దిగుతాయి, కిందినుంచి కొన్ని ఎక్కుతాయి. మన దేశంలో అదే 2019–20 సీజన్‌లో ఇండియన్ సూపర్ లీగ్‌లో తొలిసారి ఆడిన హైదరాబాద్ ఎఫ్‌సీ పట్టికలో చివరి స్థానంలో నిలిచినా మరుసటి సీజన్ అదే లీగ్‌లో ఆడింది, ఎందుకంటే అప్పట్లో అక్కడ దిగిపోవడం అనేదే ఉండేది కాదు. ఇంగ్లండ్‌లో అలా కాదు. చివరి స్థానాలకు శిక్ష ఉంటుంది, ఆ శిక్ష క్లబ్ ఆదాయాన్నీ, ఆటగాళ్ల ఒప్పందాలనూ, ఊరి ఉత్సాహాన్నీ తాకుతుంది. అందుకే సీజన్ ఆగిన రోజు ఎవరు ఎక్కడ ఉన్నారన్నది అంత పెద్ద ప్రశ్న అయింది.

ఆ సీజన్ కరోనాకు ముందే గాయంతో మొదలైంది. 1894 నుంచి ఫుట్‌బాల్ లీగ్‌లో (అంటే పై నాలుగు డివిజన్లలో) ఉన్న, ఇంగ్లండ్ ఫుట్‌బాల్ సంఘం (ఎఫ్‌ఏ) నడిపే నాకౌట్ టోర్నీ ఎఫ్‌ఏ కప్‌ను రెండుసార్లు గెలిచిన బరీ క్లబ్ అప్పుల నుంచి బయటపడే దారి చూపలేకపోవడంతో 2019 ఆగస్టు 27న దాన్ని లీగ్ నుంచి బహిష్కరించారు. అంతకు కొన్ని నెలల ముందే ఆ జట్టు లీగ్ టూ నుంచి పైకి ఎక్కింది. పొరుగున ఉన్న బోల్టన్ వాండరర్స్ చివరి క్షణంలో కొత్త యజమానుల చేతికి వెళ్లి బతికింది కానీ 12 పాయింట్ల కోతతో సీజన్ ప్రారంభించింది. బరీ పోవడంతో లీగ్ వన్‌లో 24కు బదులు 23 జట్లే మిగిలాయి. ఈ 23 అనే సంఖ్యను గుర్తుంచుకోండి, చివర్లో దీనితో పని ఉంది.

2020 మార్చి 12 రాత్రి ఆర్సెనల్ కోచ్ మికెల్ ఆర్టెటాకు కరోనా సోకినట్లు తేలింది, మరునాడు ప్రీమియర్ లీగ్‌తో పాటు దాని కింది మూడు డివిజన్లూ ఆగిపోయాయి. మా ప్రాంతంలో వ్యాధి భయం అంతకు ముందే అడుగు పెట్టింది. వుహాన్ నుంచి తీసుకొచ్చిన బ్రిటిష్ పౌరులను జనవరి చివర్లో ఉంచింది మా విరల్ ద్వీపకల్పంలోని ఆరో పార్క్ ఆసుపత్రి ఆవరణలోనే. అయినా మైదానాలు ఒక్కసారిగా మూతపడతాయని మాలో ఎవరూ అనుకోలేదు.

ఇక పద్ధతులు ఎందుకు వేరయ్యాయన్న ప్రశ్నకు ప్రధాన కారణం డబ్బు. ప్రీమియర్ లీగ్ ఆదాయంలో పెద్ద భాగం టీవీ నుంచి వస్తుంది, దేశీయ ప్రసార హక్కులే అప్పట్లో మూడేళ్లకు దాదాపు 500 కోట్ల పౌండ్లు. మిగిలిన 92 మ్యాచ్‌లు ఆడకపోతే ఆ డబ్బులో పెద్ద మొత్తం తిరిగి ఇవ్వాలి. కాబట్టి ప్రేక్షకులు లేకపోయినా, వారానికి రెండేసి పరీక్షలు చేయించి అయినా ఆడటమే వారికి లాభం. లీగ్ వన్, లీగ్ టూ క్లబ్‌ల పరిస్థితి దీనికి పూర్తిగా తలకిందులు. వారికి వచ్చేది ప్రధానంగా గేటు దగ్గర టికెట్ల డబ్బు, మ్యాచ్ రోజున అమ్మే తిండి, పానీయాల డబ్బు. ఖాళీ మైదానంలో ఆడితే ఆ రాబడి సున్నా, పైగా పరీక్షల ఖర్చు, ప్రభుత్వ సాయంతో సెలవులో ఉంచిన ఆటగాళ్లను వెనక్కి పిలిస్తే పూర్తి జీతాల ఖర్చు. ఆడితే నష్టపోయేవాళ్లు ఆడవద్దనుకోవడాన్ని నేను తప్పు పట్టను. నా అభ్యంతరం ఆపాలన్న నిర్ణయం మీద కాదు, ఆపిన తర్వాత లెక్క తేల్చిన తీరు మీద.

ప్రీమియర్ లీగ్ కథ మీకు తెలిసే ఉంటుంది. జూన్ 17న ఆట మళ్లీ మొదలైంది, 25న చెల్సీ చేతిలో మాంచెస్టర్ సిటీ ఓడిపోవడంతో ఏడు మ్యాచ్‌లు మిగిలి ఉండగానే లివర్‌పూల్ 30 ఏళ్ల తర్వాత చాంపియన్ అయింది, చివరికి 99 పాయింట్లతో ముగించింది. అయితే మైదానంలో తేలినంత మాత్రాన అన్నీ కచ్చితంగా తేలలేదు. తిరిగి మొదలైన తొలి మ్యాచ్‌లోనే ఆస్టన్ విల్లా గోల్‌కీపర్ బంతిని పట్టుకుని గోల్ గీత దాటి లోపలికి వెళ్లినా సాంకేతిక వ్యవస్థ గుర్తించలేదు. షెఫీల్డ్ యునైటెడ్‌కు దక్కాల్సిన గోల్ దక్కలేదు, మ్యాచ్ 0–0గా ముగిసింది. విల్లా చివరికి 35 పాయింట్లతో, 34 పాయింట్లతో దిగిపోయిన బోర్న్‌మౌత్, వాట్‌ఫర్డ్‌ల కన్నా ఒక్క పాయింటు ఎక్కువతో బయటపడింది.

చాంపియన్‌షిప్ కూడా మిగిలిన 108 మ్యాచ్‌లు ఆడింది. మార్సెలో బియెల్సా శిక్షణలోని లీడ్స్ యునైటెడ్ 16 ఏళ్ల తర్వాత పై డివిజన్‌కు చేరింది. నన్ను ఎక్కువ బాధించింది మాత్రం విగన్ అథ్లెటిక్. ఆ క్లబ్ యాజమాన్యం మారిన కొద్ది వారాలకే, జులై 1న, దివాలా నిర్వాహకుల చేతికి వెళ్లింది, దానికి శిక్ష 12 పాయింట్ల కోత. అప్పటికి ఆ జట్టు గొప్పగా ఆడుతోంది, జులై 14న హల్ సిటీని 8–0తో ఓడించింది కూడా. మైదానంలో సంపాదించిన 59 పాయింట్లు 47కు తగ్గి, పట్టిక మధ్యలో నిలవాల్సిన జట్టు దిగిపోయింది. ఆ ఖాళీలో చివరి రోజు అదనపు నిమిషాల్లో గోల్ కొట్టి బ్రెంట్‌ఫర్డ్‌పై గెలిచిన బార్న్స్‌లీ 49 పాయింట్లతో నిలిచింది. ఆటగాళ్లు చేయని తప్పుకు ఆటగాళ్ల పాయింట్లే కోయడం నాకు అప్పుడూ ఇప్పుడూ మింగుడు పడదు.

ఇప్పుడు లీగ్ వన్. జూన్ 9న క్లబ్‌లు ఓటు వేసి, లీగ్ వన్, లీగ్ టూలను అక్కడితో ఆపి, ప్రతి జట్టు సంపాదించిన పాయింట్లను ఆడిన మ్యాచ్‌లతో భాగించి వచ్చిన సగటుతో తుది స్థానాలు నిర్ణయించాలని తీర్మానించాయి. వినడానికి ఇది సరళమైన లెక్క. అందులోని చిక్కు వికమ్ వాండరర్స్, పీటర్‌బరోలను పక్కపక్కన పెట్టి చూస్తే అర్థమవుతుంది. రెండు జట్లకూ 59 పాయింట్లే. పీటర్‌బరో 35 మ్యాచ్‌లు ఆడింది, వికమ్ 34. సగటు తీస్తే పీటర్‌బరోకు 1.69, వికమ్‌కు 1.74. అలా పట్టికలో ఎనిమిదో స్థానంలో ఉన్న వికమ్ ఒక్కసారిగా మూడో స్థానానికి ఎక్కితే, ఆరో స్థానంలో ఉన్న పీటర్‌బరో ఏడుకు జారి, ప్లేఆఫ్ (మూడు నుంచి ఆరు స్థానాల్లోని జట్లు పైకి ఎక్కే చివరి చోటు కోసం ఆడే పోటీ) అవకాశమే పోగొట్టుకుంది. వికమ్ జులై 13న లండన్‌లోని వెంబ్లీ మైదానంలో ప్లేఆఫ్ ఫైనల్లో ఆక్స్‌ఫర్డ్‌ను 2–1తో ఓడించి చరిత్రలో తొలిసారి రెండో డివిజన్‌కు చేరింది. కోచ్ గారెత్ ఐన్స్‌వర్త్ ఏళ్ల తరబడి కొద్దిపాటి డబ్బుతో నిర్మించిన ఆ జట్టు గెలుపును నేను తక్కువ చేయడం లేదు, ప్లేఆఫ్‌లు వారు ఆడి గెలిచారు. కానీ ఆడని ఒక్క మ్యాచ్ వారికి వరమైందన్నది నిజం.

అదే ఆడని ఒక్క మ్యాచ్ మా ట్రాన్మియర్‌కు శాపమైంది. మిక్కీ మెలన్ శిక్షణలో ఈ జట్టు 2018లో నేషనల్ లీగ్ నుంచి, 2019లో లీగ్ టూ నుంచి, రెండుసార్లూ వెంబ్లీలో ప్లేఆఫ్ ఫైనల్ గెలిచి వరుసగా ఎక్కి వచ్చింది. లీగ్ వన్‌లో కష్టపడుతున్నా 2020 జనవరి 23న ఎఫ్‌ఏ కప్ రీప్లేలో (తొలి మ్యాచ్ డ్రా కావడంతో మళ్లీ ఆడినదానిలో), ఎముకలు కొరికే చలిలో, బురద మైదానం మీద ప్రీమియర్ లీగ్ జట్టు వాట్‌ఫర్డ్‌ను అదనపు సమయంలో పాల్ మలిన్ గోల్‌తో 2–1తో ఓడించింది. ఆ రాత్రి నేను స్టాండ్‌లో ఉన్నాను. పక్కన నిలబడిన పెద్దాయన, అంతకు ముందు నాతో ఒక్క మాటా మాట్లాడని మనిషి, నన్ను గట్టిగా వాటేసుకున్నాడు. మూడు రోజుల తర్వాత అదే మైదానంలో మాంచెస్టర్ యునైటెడ్ చేతిలో 6–0తో ఓడిపోయాం, అయినా జనం చివరిదాకా పాడుతూనే ఉన్నారు. ఆట ఆగేనాటికి జట్టు వరుసగా మూడు లీగ్ మ్యాచ్‌లు గెలిచి ఊపు మీద ఉంది.

లెక్క చూడండి. పట్టికలో మాకన్నా ఒక మెట్టు పైన ఉన్న ఏఎఫ్‌సీ వింబుల్డన్‌కు 35 మ్యాచ్‌లలో 35 పాయింట్లు. మాకు 34 మ్యాచ్‌లలో 32. చేతిలో ఉన్న ఆ ఒక్క మ్యాచ్ గెలిస్తే పాయింట్లు సమానం, పైగా ఆ తర్వాత ఇంకా తొమ్మిది మ్యాచ్‌లు ఆడాల్సి ఉంది. సగటులో వింబుల్డన్‌కు 1.00, మాకు 0.94. ఈ 0.06 తేడాతో ఒక ఊరి జట్టు కింది డివిజన్‌కు వెళ్లింది. క్లబ్ చైర్మన్ మార్క్ పాలియోస్, ఒకప్పుడు ఎఫ్‌ఏ ముఖ్య నిర్వహణాధికారిగా పనిచేసిన వ్యక్తి, లెక్కలో పొరపాటుకు కొంత వెసులుబాటు ఉంచాలని ప్రతిపాదించారు. అంటే మిగిలిన మ్యాచ్‌లలో తారుమారయ్యే అవకాశం గణనీయంగా ఉన్న స్థానాల్లో ఎవరినీ శిక్షించకూడదని దాని సారం. అది ఓటింగ్‌లో నిలవలేదు. ఇప్పటికే సురక్షితంగా ఉన్న క్లబ్‌లు తమ స్థానాన్ని పణంగా పెట్టి పక్కవారి కోసం ఓటు వేస్తాయని ఆశించడం కష్టం. పోటీదారులనే న్యాయమూర్తులుగా కూర్చోబెట్టడంలోని లోపం అదే.

లీగ్ టూలో ఇదే సగటు స్విండన్‌ను చాంపియన్‌ను చేసింది. స్విండన్‌కూ క్రూకూ 69 పాయింట్లే, స్విండన్ ఒక మ్యాచ్ తక్కువ ఆడింది. ఇద్దరూ ఎక్కారు కాబట్టి అక్కడ గాయం చిన్నది. కింద మాత్రం చివర్న ఉన్న స్టీవనేజ్ దిగిపోతుందనుకున్న తర్వాత, జీతాలు చెల్లించని మాక్లెస్‌ఫీల్డ్‌కు ఆగస్టులో అప్పీలు మీద మరిన్ని పాయింట్లు కోసి దాన్ని దించారు. సెప్టెంబరులో కోర్టు ఆదేశంతో ఆ క్లబ్బే మూతపడింది. నేషనల్ లీగ్‌లో సగటు లెక్కలోనూ అగ్రస్థానంలో నిలిచిన బారో 1972లో కోల్పోయిన ఫుట్‌బాల్ లీగ్ స్థానాన్ని 48 ఏళ్ల తర్వాత తిరిగి పొందింది. హారోగేట్ ప్లేఆఫ్ గెలిచి తొలిసారి ఫుట్‌బాల్ లీగ్‌లోకి వచ్చింది.

ఇంకా కిందికి వెళితే సగటు కూడా లేదు. మార్చి 26నే, అంటే ఆట ఆగి రెండు వారాలు కాకముందే, ప్రాంతీయ డివిజన్ల ఫలితాలను లేనట్టుగా ప్రకటించారు. సౌత్ షీల్డ్స్ తన డివిజన్‌లో 12 పాయింట్ల ఆధిక్యంతో ఉంది. జెర్సీ బుల్స్ ఆడిన 27 మ్యాచ్‌లూ గెలిచింది. ఆ 27 విజయాలూ రికార్డుల్లోంచి పోయాయి. నా దృష్టిలో మొత్తం సీజన్‌లో ఇంతకన్నా సమర్థించలేని నిర్ణయం లేదు, ఎందుకంటే ఎక్కే అర్హత అనుమానం లేకుండా తేలిపోయిన జట్టును ఎక్కించడం వల్ల ఎవరికీ నష్టం ఉండేది కాదు.

మహిళల సూపర్ లీగ్‌ను కూడా చెప్పకుండా ఉండలేను. 16 మ్యాచ్‌లలో 40 పాయింట్లున్న మాంచెస్టర్ సిటీని దాటి, 15 మ్యాచ్‌లలో 39 పాయింట్లున్న చెల్సీ సగటు మీద చాంపియన్ అయింది. ఒక్క మ్యాచే గెలిచిన లివర్‌పూల్ మహిళల జట్టు దిగిపోయింది. పురుషుల జట్టు చాంపియన్ అయిన అదే సీజన్‌లో ఇది జరిగింది. అప్పట్లో ఆ మహిళల జట్టు సొంత మైదానం కూడా ప్రెంటన్ పార్కే. అంటే మా వీధుల మధ్య ఉన్న ఒకే మైదానంలో ఆడిన రెండు జట్లూ సగటు లెక్క మీదే కిందికి వెళ్లాయి.

న్యాయం ఎలా చేసి ఉండవచ్చు అంటారా? ఎక్కవలసినవారిని ఎక్కించి, దిగవలసినవారిలో మిగిలిన మ్యాచ్‌లతో బయటపడే అవకాశం వాస్తవంగా ఉన్నవారిని ఆపి ఉంచవచ్చు. లీగ్ వన్‌లో దిగిన మూడు జట్లలో సౌతెండ్‌కు 19 పాయింట్లు, బోల్టన్‌కు కోత పోను 14, వారి విషయంలో ఎవరికీ సందేహం లేదు. ట్రాన్మియర్ ఒక్కదాన్ని ఉంచితే మరుసటి ఏడాది లీగ్ వన్‌లో 25, లీగ్ టూలో 23 జట్లు ఉండేవి. బేసి సంఖ్యతో లీగ్ నడపడం కుదరదని ఎవరైనా అంటే, బరీ పోయిన తర్వాత అదే లీగ్ వన్‌ను ఆరు నెలలకు పైగా 23 జట్లతో, ప్రతి విడతలో ఒక జట్టుకు విరామం ఇస్తూ, ఏ ఇబ్బందీ లేకుండా నడిపారని నేను గుర్తుచేస్తాను. 25 జట్లతో అయితే ఒక్కో జట్టుకు 46కు బదులు 48 మ్యాచ్‌లు అయ్యేవి, ఆ తర్వాతి సీజన్‌లో ఒక జట్టును అదనంగా దింపి సంఖ్యను సరిచేసుకునే వీలుండేది.