ఆన్ కాని బేబీ మానిటర్‌కి రీసెట్ ఎందుకు?

ప్రశ్న: మా వైఫై బేబీ మానిటర్ కొన్ని నెలలు అల్మారాలో ఉండిపోయింది. ఇప్పుడు ఫోన్ ఫాస్ట్ చార్జర్ పెట్టినా లైటు కూడా వెలగడం లేదు. రీసెట్ చేయాలా, లేక ఎవరికైనా ఇచ్చేసి కొత్తది కొనుక్కోవాలా?

జవాబు: ‘రీసెట్ చేయాలా’ అని ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు. కరెంటే అందని వస్తువుకు రీసెట్ ఏం చేస్తుంది?

నా అనుమానమంతా మీ చార్జర్ మీదే. రెండు వైపులా టైప్-సి ఉన్న కేబుల్ వాడితే, అవతల పరికరం ఉందని తెలిసేదాకా చార్జర్ కరెంటు వదలదు. ఆ సంగతి చెప్పడానికి పరికరంలో 5.1 కిలో ఓమ్‌ల రెసిస్టర్లు (కరెంటును అడ్డగించే చిన్న భాగాలు) రెండు ఉండాలి. గింజంత ఉండే వాటిని కూడా పెట్టకుండా డబ్బు మిగుల్చుకునే తయారీదారులున్నారు. పైకి టైప్-సి పోర్టు, లోపల మాత్రం మోసం! పెట్టెలో వచ్చిన అడాప్టర్, కేబుల్ వెతికి పెట్టండి. అవి లేకపోతే, మానిటర్ మీద 5 వోల్టులని రాసి ఉంటే, ఒక చివర పాత వెడల్పాటి యూఎస్‌బీ ఉన్న కేబుల్‌తో 5 వోల్టుల అడాప్టర్‌కి కలపండి. పూర్తిగా దిగిపోయిన లిథియం బ్యాటరీ మొదట చాలా నెమ్మదిగా ఎక్కుతుంది కాబట్టి గంటసేపు ఆగి చూడండి. బ్యాటరీ ఉబ్బి ఉంటే మాత్రం చార్జింగ్ జోలికే పోవద్దు.

నాకు అసలు టెన్షన్ ‘ఇచ్చేయాలా’ అన్న మాటతోనే. ఆన్ కాని కెమెరాలోనూ మీ వైఫై పాస్‌వర్డ్ అలాగే ఉంటుంది. ఆన్ కాదు కనుక చెరపలేరు. రేపు ఎవరో బాగుచేయించుకుంటే అది ఇంకా మీ అకౌంట్‌కే అతుక్కుని ఉండొచ్చు, వాళ్ల పాప గది మీ ఫోన్‌లో కనిపించొచ్చు. ఇచ్చే ముందు యాప్‌లోంచి ఆ కెమెరాని తొలగించండి, మెమరీ కార్డు తీసేయండి, ఇంటి వైఫై పాస్‌వర్డ్ మార్చండి. దాన్ని చెత్తలో వేసినా ఇదే పని.

అసలు పక్క గదిలో పాప ఏడుపు వినడానికి ఇంటర్నెట్ ఎందుకో నాకు అర్థం కాదు. పాత అనలాగ్ మానిటర్లను పక్కింటివాళ్లు వినగలిగేవారు, నిజమే. కానీ ఆ బెడద వీధి దాటేది కాదు. 2016లో మిరాయ్ అనే మాల్‌వేర్ (హాని చేసే సాఫ్ట్‌వేర్) 60 పైచిలుకు ఫ్యాక్టరీ యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ జతలతోనే లక్షల కొద్దీ కెమెరాలు, రౌటర్లు, రికార్డర్లను పట్టేసింది. అందరికీ ఒకే పాస్‌వర్డ్ పెట్టి అమ్మడాన్ని బ్రిటన్ 2024 ఏప్రిల్‌లో గానీ నిషేధించలేదు.

మీది ఆన్ అయితే ముందు అప్‌డేట్ చేసి, మానిటర్ పాస్‌వర్డ్ మార్చండి. ఆ తర్వాతే పాప గదిలో పెట్టండి, వైరు ఉయ్యాలకి కనీసం 3 అడుగుల దూరంలో ఉండేలా.