తెలుగు మీడియం కుర్రాడు ఇన్‌ఫాంట్రీ ఆఫీసర్ కాగలడా?

మీ తమ్ముడు డిగ్రీ రెండో ఏడాదిలో ఉన్నాడని, ఇంటర్ దాకా తెలుగు మీడియమేనని, ఇన్‌ఫాంట్రీ (సైన్యంలో కాల్బలం) ఆఫీసరే అవుతానని పట్టుబట్టాడని, అది విన్నప్పటి నుంచి అమ్మగారు సరిగా అన్నం తినడం లేదని రాశారు. నేను కూడా ప్రకాశం జిల్లాలో ఒక పల్లె నుంచి, తెలుగు మీడియంలో చదువుకునే వెళ్ళాను. షార్ట్ సర్వీస్ కమిషన్ (కొన్నేళ్ళకే ఆఫీసరుగా తీసుకునే పద్ధతి) మీద పదేళ్ళు ఇన్‌ఫాంట్రీలో చేసి బయటికొచ్చాను. తప్పకుండా కాగలడు. అయితే ఏం అడుగుతున్నాడో వాడికి తెలిసి ఉండాలి.

మన ఊళ్ళలో 'మిలటరీకి వెళ్ళాడు' అంటే ర్యాలీలో పరుగు తీసి జవానుగా చేరడమే. ఆఫీసర్ దారి వేరు. ఇంటర్ తర్వాత ఎన్‌డీఏ (నేషనల్ డిఫెన్స్ అకాడమీ) ఉంటుంది, కానీ దానికి మీ వాడి వయసు దాటిపోయి ఉంటుంది. ఇక మిగిలిన ముఖ్యమైన దారి యూపీఎస్‌సీ ఏడాదికి రెండుసార్లు పెట్టే సీడీఎస్ (కంబైన్డ్ డిఫెన్స్ సర్వీసెస్) పరీక్ష. ఫైనలియర్‌లో ఉండగానే రాయొచ్చు. డెహ్రాడూన్‌లోని ఐఎంఏ (ఇండియన్ మిలటరీ అకాడమీ)కి ఇంగ్లీషు, జీకే, లెక్కలు మూడూ రాయాలి. షార్ట్ సర్వీస్ వాళ్ళకి ట్రైనింగ్ ఇచ్చే చెన్నైలోని ఓటీఏ (ఆఫీసర్స్ ట్రైనింగ్ అకాడమీ)కి లెక్కల పేపరు ఉండదు. ఎన్‌సీసీలో ఉంటే మాత్రం 'సి' సర్టిఫికెట్ వదలొద్దని చెప్పండి. దానితో రాతపరీక్ష లేకుండా నేరుగా ఎస్‌ఎస్‌బీ (ఆఫీసర్లను ఎంపిక చేసే సర్వీసెస్ సెలెక్షన్ బోర్డు)కి పిలిచే ఎంట్రీ ఒకటుంది.

అసలు పరీక్ష ఆ ఎస్‌ఎస్‌బీయే. ఐదు రోజులు అక్కడే ఉంచి చూస్తారు. నేను రెండుసార్లు తిరిగొచ్చి, మూడోసారి బెంగళూరులో సెలెక్ట్ అయ్యాను. మొదటిసారి తొలిరోజు స్క్రీనింగ్‌లోనే పంపేశారు. ఒక మసక బొమ్మను ముప్ఫై సెకన్లు చూపించి కథ రాయమంటారు, తర్వాత గ్రూపులో కూర్చోబెట్టి దాని మీద మాట్లాడమంటారు. అందరూ ఒకేసారి గట్టిగా మాట్లాడుతుంటే, నా ఇంగ్లీషు విని నవ్వుతారేమోనని నోరు విప్పలేదు. రెండోసారి కోచింగ్‌లో నేర్పిన కథలు బట్టీపట్టి వెళ్ళాను. ప్రతి బొమ్మలోనూ నా హీరో ఎవరినో ఒకరిని కాపాడేవాడు. ఐదు రోజులూ ఉన్నాను కానీ చివరి కాన్ఫరెన్స్ తర్వాత నా చెస్ట్ నంబరు చదవలేదు. ఆ రాత్రి రైల్లో బాగా ఏడ్చాను.

మూడోసారి బట్టీ మానేశాను. అరవై మాటలు ఒక్కొక్కటీ పదిహేను సెకన్లు కనబడి పోతుంటే, నాకు నిజంగా ఏం తోస్తే అదే రాశాను. ఇంటర్వ్యూలో ఆఫీసరు నాన్న ఏం చేస్తారని అడిగారు. పొగాకు వేస్తారు, మాకు బ్యారన్ (పొగాకు ఆకును వేడితో ఆరబెట్టే గది) ఉంది అన్నాను. ఆయన ఆసక్తిగా ముందుకు వంగారు. ఆకు ఎన్ని రోజులు కాలుస్తారు, రాత్రి వేడి ఎవరు చూస్తారు, నిద్రపోతే ఏమవుతుంది అని అడుగుతూనే ఉన్నారు. నాన్న, నేను వంతులేసుకుని రాత్రంతా థర్మామీటరు చూసేవాళ్ళం. ఒకసారి నా వంతులో కునుకు పట్టి సగం ఆకు పాడైంది. అది కూడా చెప్పేశాను. వచ్చీరాని ఇంగ్లీషులోనే చెప్పాను. ఆయన ఒక్క తప్పు కూడా దిద్దలేదు. కాబట్టి ఇంగ్లీషు గురించి మరీ టెన్షన్ పడొద్దనండి. ఎదుటివాడికి అర్థమయ్యేలా, ఆగకుండా మాట్లాడగలిగితే చాలు. దానికోసం రోజూ అరగంట పైకి చదివి, అద్దం ముందు కాకుండా ఎవరైనా మనిషి ముందు మాట్లాడమనండి.

మెడికల్ గురించి ఒక్క మాట. రంగులు సరిగా కనబడుతున్నాయా, చదును పాదాలు ఉన్నాయా, మోకాళ్ళు రాసుకుంటున్నాయా అన్నవి ఇప్పుడే డాక్టరుకి చూపించండి. అన్నీ అయ్యాక తెలిస్తే చాలా బాధ.

ఓటీఏలో ట్రైనింగ్ 49 వారాలు. చెన్నై ఎండలో డ్రిల్లు, వీపున బరువుతో పరుగులు, రాత్రుళ్ళు దిక్సూచి పట్టుకుని తెలియని పొలాల్లో నడక. మొదటి రెండు నెలలు శరీరం ఒప్పుకోదు, తర్వాత అలవాటవుతుంది. చివర్లో ఏ విభాగం కావాలో మన ఇష్టం అడుగుతారు, మెరిట్, ఖాళీలు చూసి ఇస్తారు. నేను మొదట రాసింది ఇన్‌ఫాంట్రీయే. మద్రాస్ రెజిమెంట్ వచ్చింది. 1758 నాటి రెజిమెంట్ అది.

మీ తమ్ముడు బాగా ఆలోచించాల్సింది ఈ ఇన్‌ఫాంట్రీ గురించే. మిగతా విభాగాల్లో ట్యాంకో, ఫిరంగో, వంతెనో, వైర్‌లెస్సో ఉంటుంది. ఇన్‌ఫాంట్రీలో ఉండేది మనుషులే. బెటాలియన్‌లో చేరగానే నన్ను ఆఫీసర్స్ మెస్‌లో ఉంచలేదు. కొన్ని వారాలు జవాన్లతోనే బ్యారక్‌లో పడుకుని, వాళ్ళ లంగర్‌ (వంటశాల)లోనే తిన్నాను. మా సుబేదార్ సాబ్ (జవానుగా చేరి పైకొచ్చిన సీనియర్) తమిళుడు. నా తండ్రి వయసు. నన్ను 'సాబ్' అని పిలుస్తూనే పని నేర్పింది ఆయనే. ముప్ఫై మందికి పైగా ఉన్న ప్లటూన్‌లో ప్రతి ఒక్కడి ఊరు, పెళ్ళాం పిల్లలు, అప్పులు, చివరిసారి లీవు ఎప్పుడెళ్ళాడు అన్నీ తెలిసుండాలని పది రోజుల గడువిచ్చారు. అందుకోసమే తమిళం, కాస్త మలయాళం నేర్చుకున్నాను.

ఉత్తరాంధ్ర జవాను ఒకడు ఉన్నట్టుండి మూగవాడైపోయాడు. రాత్రి సెంట్రీ డ్యూటీలో కూడా ధ్యాస లేదు. అడగ్గా అడగ్గా, ఊళ్ళో అన్నదమ్ములు గట్టు జరిపేసి పొలం కలిపేసుకున్నారని, భార్య ఒంటరిగా ఆఫీసుల చుట్టూ తిరుగుతోందని చెప్పాడు. యూనిట్ తరఫున కలెక్టరుగారికి ఉత్తరం రాశాం. వివరాలన్నీ నేనే తెలుగులో రాసి జతచేశాను. సర్వేయరు వచ్చి కొలిచాడని భార్య ఫోన్ చేసిన రోజు వాడి ముఖం నాకింకా గుర్తుంది. కొన్ని నెలల తర్వాత నియంత్రణ రేఖ దగ్గర పెట్రోలింగ్‌లో నా ముందు నడిచింది వాడే. ఇన్‌ఫాంట్రీ ఆఫీసర్ పనిలో ఎక్కువ భాగం ఇదే. ఇది ఇష్టమైతేనే రమ్మనండి. యూనిఫాం కోసమైతే వేరే విభాగాల్లోనూ అదే యూనిఫాం ఉంది.

అమ్మగారికి ప్రమాదం లేదని మాత్రం చెప్పకండి. ఉంది. సూర్యాపేట బిడ్డ కల్నల్ సంతోష్ బాబు కోరుకొండ సైనిక్ స్కూల్లో చదివి, 16 బిహార్ బెటాలియన్‌కి కమాండింగ్ ఆఫీసరై, 2020 జూన్‌లో గల్వాన్‌లో అమరుడయ్యారు. ఆ విషయం మీ అమ్మగారికి ఎలాగూ తెలిసే ఉంటుంది. నేను సరిహద్దు పోస్టు మీద ఉన్నన్నాళ్ళూ జమ్మూ టౌన్‌లో ఆఫీసు పని అని అమ్మకి అబద్ధం చెప్పాను. లీవులో ఉండగా నా స్నేహితుడి నోటివెంట నిజం బయటపడింది. అమ్మ నన్ను తిట్టలేదు. 'నాకు తెలిస్తే కనీసం నీ కోసం సరైన చోటు తలుచుకుని దణ్ణం పెట్టుకునేదాన్ని కదరా' అంది. ఆ తర్వాత ఎప్పుడూ దాచలేదు.

ఇంకొకటి. షార్ట్ సర్వీస్‌లో పదేళ్ళు, కావాలంటే ఇంకో నాలుగేళ్ళు. పర్మనెంట్ కమిషన్ (రిటైరయ్యేదాకా ఉండే సర్వీసు) రాకపోతే పెన్షన్ ఉండదు. ఆ లెక్క ఇంట్లో ఇప్పుడే మాట్లాడుకోండి.

మీ అమ్మగారు ఒప్పుకుంటే చెప్పండి, మా అమ్మతో ఫోన్‌లో మాట్లాడిస్తాను. ఆ పదేళ్ళూ ఇంట్లో ఎలా గడిచాయో నాకంటే ఆవిడే బాగా చెప్పగలదు.