సెషన్‌కు 1,500, పైగా సైకోడైనమిక్ పద్ధతి: వెళ్లాలా వద్దా?

శ్రీకాకుళంలో 18 వేల జీతం, థెరపిస్ట్ సెషన్‌కు 1,500 అడిగారు, పైగా సైకోడైనమిక్ (పాత అనుభవాలు ఇప్పటి మనసును ఎలా నడిపిస్తున్నాయో మాట్లాడుకుంటూ తెలుసుకునే పద్ధతి) అంటున్నారు, చిన్నప్పటివన్నీ తవ్వుకుంటే ఏం ఒరుగుతుంది అని అడిగారు కదా. మాది విజయనగరం. మూడేళ్ల కిందట నాకూ సరిగ్గా ఇదే సందేహం, ఇదే డబ్బు ఇబ్బంది.

ముందు ఒక మాట. రోజుల తరబడి నిద్ర పట్టకపోయినా, చనిపోవాలనిపిస్తున్నా థెరపిస్ట్ కోసం వెతుకుతూ ఆగకండి. వెంటనే 14416కు ఫోన్ చేయండి. కేంద్రం 2022 అక్టోబరులో మొదలుపెట్టిన టెలీమానస్ అనే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ అది. రాత్రీపగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడొచ్చు, ఖర్చు లేదు. మీ ఊళ్లో రిమ్స్ ప్రభుత్వ ఆసుపత్రిలో, విశాఖ చినవాల్తేరు మానసిక వైద్యశాలలో సైకియాట్రిస్టులను కలవొచ్చు. కాకపోతే ఆ రద్దీలో వారం వారం గంటసేపు మాట్లాడించాలంటే వాళ్లకు కష్టం.

నేను మొదట కలిసిన కౌన్సెలర్ పావుగంట విని, పెళ్లయితే అన్నీ సర్దుకుంటాయని పంపించేశారు. బస్సులో ఏడుస్తూ ఇంటికొచ్చాను. అందుకే చెబుతున్నాను, క్లినికల్ సైకాలజిస్ట్‌నని చెప్పేవారికి రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా (ఈ నిపుణులను నమోదు చేసే కేంద్ర సంస్థ) రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి. అడిగితే తప్పు లేదు.

తర్వాత విశాఖలో దొరికిన మేడమ్‌ది సైకోడైనమిక్ పద్ధతే. హోంవర్కులు లేవు, చిట్కాలు లేవు. మనం మాట్లాడుతుంటే ఆవిడ వింటారు. మొదటి నెలంతా డబ్బు దండగ అనిపించింది. ఒకరోజు ఆనందపురం దగ్గర బస్సు ఆగిపోయి పది నిమిషాలు ఆలస్యంగా వెళ్లాను. కూర్చున్నాక ఆవిడ, "నాలుగుసార్లు సారీ చెప్పారు. నేను కోప్పడతానని భయపడ్డారా?" అన్నారు. నాకు గొంతు పట్టేసింది. ట్యూషన్ నుంచి కాస్త ఆలస్యమైతే గేటు దగ్గర వాచీ చూసుకుంటూ నిలబడే నాన్న గుర్తొచ్చారు. ఆఫీసులో మేనేజర్ పిలిస్తే చెమటలు పట్టేదీ ఇందుకేనని అప్పుడు తెలిసింది. పాత భయం కొత్త మనుషుల మీదికి ఎలా పాకుతుందో ఆ గదిలోనే పట్టుకోవడం, ఈ పద్ధతిలో అసలు పని అదే. ఊరికే చిన్నతనాన్ని తవ్వడం కాదు.

అయితే ఇది నెమ్మది. పానిక్ అటాక్‌లు, చేతులు పదేపదే కడుక్కోవడం లాంటి ఓసీడీ ఇబ్బందులు అయితే ముందు సీబీటీ (ఇప్పటి ఆలోచనలు, అలవాట్లు మార్చుకోవడం నేర్పే థెరపీ) చేసేవారిని కలవమంటాను. ఎక్కడికెళ్లినా మనుషులతో అదే గొడవ, అదే బాధ మళ్లీ మళ్లీ ఎదురవుతుంటే మాత్రం దీనికి అవకాశం ఇవ్వండి.

ఇక డబ్బు. నేను సిగ్గు విడిచి, నెలకు ఇంతే పెట్టగలనని చెప్పాను. ఆవిడ 1,200 నుంచి 600కు తగ్గించారు. స్తోమతను బట్టి ఫీజు తీసుకునేవారు చాలామంది ఉన్నారు, కానీ అడగందే చెప్పరు. తర్వాత వీడియో కాల్‌కు మారి బస్సు ఖర్చు మిగుల్చుకున్నాను. ఇంట్లో ఎవరూ వినకుండా మేడ మీద, నీళ్ల ట్యాంకు పక్కన కూర్చునేదాన్ని.

మీరూ మొదటి సెషన్‌లోనే ఫీజు తగ్గిస్తారా, ఎన్ని నెలలు పట్టొచ్చు, సెషన్ మానేస్తే డబ్బు కట్టాలా అని అడగండి. ఈ పద్ధతి మీద మీకున్న అనుమానం కూడా ఆ థెరపిస్ట్‌కే చెప్పండి. దానికి చిరాకు పడితే వేరే వారిని చూసుకోండి.